మామ చెప్పుల కిర్రు

మా మామ కిర్రుచెప్పులు తొడిగినంతకాలం మా ఇంట్లో ఆడవాళ్ళం మహా సుఖంగా బతికాం. ఆయన సందు మలుపు తిరిగితే చాలు, కిర్రు కిర్రుమని ఇంట్లోకి వినిపించేది. మా అత్త నోట్లో వక్కాకు ఉమ్మేసి కొంగు సర్దుకునేది. నేను తింటున్న సంగటి మీద మూత బోర్లించి లేచేదాన్ని. ఆయన గడప తొక్కేసరికి ఇద్దరం పుట్టినప్పటినుంచీ నిలబడే ఉన్నట్టు కనిపించేవాళ్ళం.

నాది పామిడి. పెన్న ఇసుకలో ఆడుకుని పెరిగాను. పంతొమ్మిది వందల యాభైలలో పెళ్ళయి, నల్లమాడ దిక్కున ఈ మెట్టపల్లెకు కోడలిగా వచ్చాను. వచ్చిన రోజే మా అత్త చెప్పింది: "మీ మామ ముందర కూసోవద్దు, తినొద్దు, పండుకోవద్దు. మిగతావన్నీ నీ ఇష్టం." మిగతావి ఏముంటాయో ఆమెకే తెలియాలి. ఆయనతో మాట్లాడటం మాట అటుంచండి, ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిందీ లేదు, నేను ఆయన ముఖం సరిగ్గా చూసిందీ లేదు. నాకు తెలిసిన మామ అంటే ఆ చప్పుడే.

కిర్రు అంటే పెద్ద విద్యేమీ కాదు. చెప్పు అడుగున రెండు తోలు అట్టలు కలిపి కుట్టేటప్పుడు, నడుమ బాగా ఎండిన తోలుముక్క ఒకటి వదులుగా పెడతారు. అడుగు వేసినప్పుడల్లా అది అట్టలకు రాసుకుని అరుస్తుంది. ఒకప్పుడు పెళ్ళికొడుకులూ, ఊళ్ళో పెద్దమనుషులూ పట్టుబట్టి పెట్టించుకునేవాళ్ళు. తర్వాత లారీ టైర్లు కోసి చేసిన చెప్పులు సంతకు వచ్చాయి. ముల్లు దిగదు, ఏళ్ళ తరబడి అరగదు. కిర్రు సంగతి జనం మరిచిపోయారు.

మా మామ మాత్రం అంత తొందరగా మరిచిపోయే మనిషి కాదు. వరసగా వానలు మొహం చాటేసి, చెనక్కాయ చేలు పూత మీదే మాడిపోయిన ఏడాది ఆయన పాత జత తెగిపోయింది. మళ్ళీ అలాంటివే కుట్టించుకొమ్మని మా అత్త అంటే, "ఊరు ఊరంతా వానల్లేక ఏడుస్తాంటే నేను కిర్రుమంటా తిరగల్నా? సిగ్గుండొద్దా?" అని కసిరి, సంతలో టైరు చెప్పులు కొనుక్కొచ్చుకున్నాడు. మాట న్యాయమైనదే. కానీ ఆ న్యాయం నా ప్రాణం మీదికి వచ్చింది.

అప్పటికి నేను రెండోసారి కడుపుతో ఉన్నాను. మొదటిది నిలవలేదు, నడుమలోనే పోయింది. ఈసారైనా దక్కాలంటే మధ్యాహ్నం పూట ఒళ్ళు వాల్చి తీరాలని మంత్రసాని గట్టిగా చెప్పింది. బండి ప్రయాణం కూడదంది కాబట్టి పుట్టింటికీ పంపలేదు. మా అత్త నడిమింట్లో చాప పరిచి, "పండుకో" అని తనే దగ్గరుండి పడుకోబెట్టేది. అయితే ఆ నడిమింట్లోనే నీళ్ళ కడవ. మామ దాహమేసినప్పుడల్లా వచ్చేది అక్కడికే. కడవను బయట పెడితే ఆరా తీస్తాడు, ఎందుకని అడిగితే చెప్పుకోవడానికి సిగ్గు. తలుపు వేసుకుని పడుకోవచ్చు గదా అంటారు ఇప్పటి పిల్లలు. పట్టపగలు తలుపేసి ఉంటే ఆ ఇంట్లో ఏదో కీడు జరిగిందని ఊరంతా వచ్చి నిలబడుతుంది.

ఒకరోజు కునుకు పట్టింది. కళ్ళు తెరిస్తే గుమ్మంలో మామ. టైరు చెప్పులు వీధిలోనే విడిచి వచ్చాడు, అవి కాళ్ళకున్నా పిల్లి అడుగులే. నేను ఉలిక్కిపడి లేచి, రోలు తట్టుకుని పడబోయి, గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయన నీళ్ళు తాగకుండానే తిరిగి వెళ్ళిపోయాడు. కడుపులో సన్నగా నొప్పి మొదలై పొద్దుగూకేదాకా వదల్లేదు. ఆ పూట నేను భయపడినట్టు బతుకులో మళ్ళీ ఎప్పుడూ భయపడలేదు. ఆ తర్వాత చాప మీద పడుకున్నా కన్ను మూతపడేది కాదు. చెవులు రిక్కించి వీధి వైపే చూస్తుండేదాన్ని.

మా అత్త నోరు పెద్దదే గానీ, నా ముఖం చూసి ఊరుకునే రాయి కాదు. కపిలబావిలో నీళ్ళు తోడే తోలుసంచి కుట్టే ముసలాయన ఒకరోజు దొడ్డివైపు వస్తే, పట్టుకుంది.

"ఏమప్పా, మా ఇంటాయన కాళ్ళకు తోలుమెట్లు కుట్టియ్యల్ల. మునుపటి మాదిరి కిర్రు పెట్టు."

"కిర్రా! యాడుండారమ్మా ఇప్పుడు కిర్రు అడిగేటోళ్ళు?" అని ఆయన నవ్వాడు. "నేనది పెట్టి ఎన్నేండ్లాయనో. చెయ్యి మర్సిపోయింటుంది."

"మర్సిపోతే గుర్తు తెచ్చుకో. ఇంట్లో కడుపుతో ఉండే పిల్లుండాది."

ఆయన నావైపు చూసి, ఇంకేమీ అడగకుండా తల ఊపాడు.

మామను ఒప్పించడం అత్త వంతు. టైరు వేడికి కళ్ళు మండుతాయని, తోలు చలవ అని రోజూ అన్నం ముందు రాగం తీసింది. ఆయనకు నిజంగానే కళ్ళ మంటలు ఉండేవి. సరేనన్నాడు. కొత్త చెప్పులు వచ్చాయి. తొడుక్కుని వాకిట్లో నాలుగడుగులు వేశాడు. కిర్రు! తలుపు చాటున నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన ముఖం చిట్లించి, "ఈ సప్పుడెవరు పెట్టమన్న్యారు?" అన్నాడు. "కొత్త తోలు గదా, అట్లనే అరుస్తుంది" అంది మా అత్త, ఎటో చూస్తూ.

ఆ మధ్యాహ్నం నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాటికి చప్పుడు లేదు. మామ వాకిట్లో నడుస్తున్నాడు, కాళ్ళకు అవే చెప్పులు, వాటి నోరు మాత్రం పడిపోయింది. ఏమైందా అని చూస్తే అట్టలు నిగనిగలాడుతున్నాయి. మా ఇంట్లో తోలువస్తువు ఏది కొత్తగా వచ్చినా, అది ఎద్దుల మెడకు కట్టే పట్టెడ కానీ నీళ్ళ తోలుసంచి కానీ, ముందు ఆముదం పట్టించడం మా అత్తకు అలవాటు. పొద్దున లేస్తూనే చెప్పులకూ దట్టంగా పట్టించేసింది. కిర్రు కావాలని అడిగింది ఆమే, దాని గొంతు నులిమిందీ ఆమే! "నా చేతులు పడిపోను" అని నెత్తి బాదుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను ఏడ్చాను.

మళ్ళీ ముసలాయనకు కబురు పెట్టాలంటే చెప్పులు మామ కాళ్ళకున్నాయి. ఏ సాకు చెప్పాలా అని మేమిద్దరం గుసగుసలాడుతుండగానే ఆయన లేచి బయటికి వెళ్ళాడు. పొద్దు వాలాక తిరిగి వచ్చాడు. సందు మలుపులోనే వినిపించింది. మునుపటి కిర్రు కాదు, పక్కింటి కుక్కలు మొరిగేంత కిర్రు. అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ వారంలోనే ముసలాయన దొడ్డివైపు వచ్చి చెప్పాడు. "మీ ఇంటి పెద్దాయప్పే వచ్చి నా ముందర కూసున్యాడమ్మా. నూనె పట్టిన ముక్క తీసేసి ఎండింది పెట్టు, సప్పుడు సందు దాటి ఇనపడల్ల అన్న్యాడు. కరువులో ఈ సోకేందని ఊరోళ్ళు నవ్వుతారేమో అంటే, నవ్వుకోనీలేప్పా అన్న్యాడు."

మా అత్త చేటలో చెనక్కాయలు పోసి ముసలాయన ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. కిర్రు వినిపించి నేను చేతులూని లేవబోయేసరికి, చప్పుడు పశువుల కొట్టం దగ్గర ఆగేది. కాసేపటికి వెనక్కి తిరిగి దూరమయ్యేది. దాహానికి ఏం చేసేవాడో చాలా రోజులు తెలియలేదు. కొట్టంలో ఎద్దుల కోసం పెట్టిన నీళ్ళ బాన పక్కన ఆయన చెంబు కనబడ్డాక తెలిసింది. కడవ నీళ్ళు మానుకుని ఆయన అక్కడే తాగుతున్నాడు.

ఆడపిల్ల పుట్టింది. నిండు నెలలకు, గట్టి గొంతుతో. పురుడు తీరి, స్నానం చేసి, పాపను పక్కలో వేసుకుని నడిమింట్లో పడుకున్నాను. కిర్రు వినిపించలేదు కాబట్టి ఎవరూ రాలేదనే అనుకున్నాను. తల తిప్పితే గడప అవతల మామ నిలబడి ఉన్నాడు, ఒట్టి కాళ్ళతో. పాప లేస్తుందని చెప్పులు దూరంగా కొట్టం దగ్గరే విడిచి, వేడి మట్టిలో నడిచి వచ్చాడట. నేను అలవాటుకొద్దీ చెయ్యి ఊని లేవబోయాను.

"లేయొద్దు, పండుకోమ్మా" అన్నాడు.

ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే. నేను ఆయన ముందరే మళ్ళీ పడుకున్నాను.