నల్లావు పాలు

ఇప్పుడు మా ఇంట్లో పాలు కాగుతుంటే ఏ వాసనా రాదు. ప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోస్తాను, పొంగుతాయి, దించుతాను, అంతే. ఎన్ని ఊళ్ళ పాలో, ఎన్ని పశువుల పాలో అందులో! ఊళ్ళనీ బళ్ళనీ ఒకదాంట్లో ఒకటి కలిపేస్తే పేపర్లో విలీనం అంటారు. సంఘాలవాళ్ళు చేర్చుకున్నాం అంటారు. మా అవ్వ మాత్రం కలిసిపోయింది అనేది, అదీ ఎవరో పోయినంత దిగులుగా.

అవ్వ అంటే మా నాయన తల్లి. మాది పలమనేరు పక్కన పల్లె. చలికాలం పొద్దున్నే పిడకల పొగా మంచూ కలిసి వీధంతా కమ్ముకుని ఉండగా, అవ్వ దూడను వదిలి, ఆవు పాలు చేపేదాకా దాని మెడ గోకుతూ కూర్చునేది. నేను వాకిట్లో రాత్రి మిగిలిన సంగటిలో మజ్జిగ పోసుకుని, చెనక్కాయల ఊరుబిండి నంజుకుంటూ చూసేదాన్ని. ఆవు చెనక్కాయలు ఒలిచేసిన చెనక్కట్టె మేస్తే పాలకు ఒక వాసన, చెరుకాకు మేస్తే ఇంకో వాసన. మూడావుల పాలు మూడు చెంబుల్లో పెడితే కళ్ళు మూసుకుని చెప్పేది అవ్వ, ఏది ఎవరిదో.

నా చిన్నప్పుడు ఒక ఏడు పక్కింటి సుబ్బమ్మత్త కోడలు కాన్పులో చనిపోయింది. తల్లి పాలు లేని బిడ్డకు ఒకే ఆవు పాలు పట్టాలి, రెండావులవి కలిస్తే పడవని మా పక్క పట్టింపు. మా మూడింట్లో నల్లావు పాలు బిడ్డకేనని అవ్వ మాటిచ్చేసింది. మా నాయన అప్పుడే పాల సంఘంలో చేరినాడు. మిగతా రెండావుల పాలు బిందెలో సంఘం పాలకేంద్రానికి, నల్లావువి ఇత్తడి చెంబులో సుబ్బమ్మత్తకి. రెండూ మోసేది నేనే. ఆమె ఇల్లు ముందే వస్తుంది కానీ, కేంద్రం మూసేస్తారన్న భయంతో ముందు అక్కడికే పరిగెత్తేదాన్ని.

ఒకనాడు పాలు పోయించుకునే ఆయన నా చెంబు చూసినాడు.

"అదీ పొయ్యి పాపా. సంఘంలో సేరినాక నీ పాలు, నా పాలు ఏముండాది?"

వరసలో అందరూ నావైపే చూసినారు. మేమేదో దాచుకుంటున్నట్టు నాకు సిగ్గేసింది. పోసేసినాను. మరుక్షణం బిడ్డ గుర్తొచ్చింది. మా నల్లావు పాలు మళ్ళీ ఇచ్చెయ్యమని ఏడిస్తే ఆయన నవ్వి, పెద్ద క్యానులోంచే చెంబు నిండా ముంచి ఇచ్చినాడు. "ఇవీ పాలే గదమ్మా!"

ఆ చెంబే తీసుకెళ్ళి సుబ్బమ్మత్తకిచ్చినాను. నోరు విప్పి చెప్పలేదు. పాపిష్టిదాన్ని!

సాయంత్రానికి బిడ్డకు వాంతులు. మూడు రోజులు కళ్ళు తేలేసింది. ఆసుపత్రిలో, పాలల్లో కలిపిన నీళ్ళు సరిగ్గా కాచలేదేమో అన్నారు. పాలో, నీళ్ళో, నాకు ఈనాటికీ తెలియదు. బిడ్డ బతికింది. కానీ తల్లి తరఫువాళ్ళు గూడూరు నుంచి వచ్చి, ఇక మేమే పెంచుకుంటామని ఎత్తుకెళ్ళిపోయినారు. సుబ్బమ్మత్త గడపలో కూర్చుని ఖాళీ ఉయ్యాల వంక చూస్తూ ఏడ్చింది. మా అవ్వను పల్లెత్తు మాట అనలేదు, అంటే బాగుండేది. అవ్వ నెల తిరగకముందే నల్లావును సంతకు తోలించేసింది. ఆ తర్వాత మళ్ళీ పొదుగు ముట్టలేదు. పాలన్నీ కేంద్రానికే.

చివరి రోజుల్లో మంచం మీద నుంచి అడిగింది. "నల్లావు మంచిదే గదా పాపా. ఆ బిడ్డకి దాని పాలు ఎందుకు పడలేదో నాకు తెలీకనే పోతాండా."

నాకప్పటికి ఇద్దరు పిల్లలు. అయినా ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్ది లేచిపోయినాను.

ఇప్పుడు మా పల్లెలో ఒకే ఆవు పాలు కావాలని అడిగేవాళ్ళు లేరు, విడిగా పిండి పెట్టేవాళ్ళూ లేరు. సుబ్బమ్మత్త ఇల్లు కూడా పడిపోయింది. ఆవు తప్పేం లేదవ్వా, నేనే కలిపేసినాను అని ఇవాళ గట్టిగానే చెప్పగలను. వినడానికి అవ్వ లేదు.