లారీ ఎక్కిన రెక్కలు

రెక్కల మేస్త్రీ ముప్పయ్యేళ్లుగా చిన్న విమానాలకు రెక్కలు బిగిస్తున్నాడు. బిగించిన ప్రతి బోల్టునూ చెవి ఆనించి తట్టి చూస్తాడు. ఆ పవిత్ర ఘడియలో కార్ఖానాలో ఎవరూ తుమ్మరాదు. పక్కనున్న విమానాశ్రయం మూతపడటంతో కొత్త విమానాలకు ఎగరడానికి ముందు లారీ ఎక్కే గతి పట్టింది.

"రెక్కలు విప్పెయ్ మేస్త్రీ. అవతలి ఊరి రన్‌వే దగ్గర వాళ్లే బిగించుకుంటారు," అన్నాడు యజమాని.

తన రెక్కల మీద పరాయి చెయ్యి పడితే మేస్త్రీ ఓర్వలేడు. అయినా విప్పాడు. లారీ కదిలే వేళకు మాత్రం డ్రైవరు పక్కన, ఒళ్లో టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉన్నాడు.

"నువ్వెక్కడికయ్యా? దిగు," అన్నాడు యజమాని.

"దిగమంటే దిగుతానండీ. బోల్టులన్నీ ఈ డబ్బాలో ఉన్నాయి. ఏది ఎక్కడిదో వాళ్లకెలా తెలుస్తుంది?"

యజమాని డబ్బా వైపు చూశాడు. "మరి నీ అన్నం?"

"దానికి చోటు చాల్లేదండీ."

యజమాని లోపలికి వెళ్లి, తన క్యారియర్ తెచ్చి అందించాడు.