సున్నంతో బేరం

నాచారంలో నన్ను మించిన బేరగాడు లేడనడానికి ఒక్క రుజువు చాలు: నేను సున్నంతో కూడా బేరమాడాను.

మా కిరాణా కొట్టు వెనకున్న పాత సత్రం నా వాటాకు వచ్చింది. పట్నానికి ధాన్యం తోలే బండ్లవాళ్లు పూర్వం అందులో రాత్రి ఆగేవారు. దాని అరుగును సరిగ్గా ఎడ్లబండి ఎత్తున కట్టారు. బస్తాను మోయకుండా లోపలికి జరిపేయొచ్చు. లోపలి గోడల నిండా దీపాల గూళ్లు. దాన్ని కూల్చి కిరాయికివ్వడానికి షట్టర్లు వేద్దామని కొట్టులో భాగస్తుడైన మా బావ పట్టు, నిలబెడతానని నా పంతం. గోడలు ఈ వానాకాలం తట్టుకోకపోతే కూల్చేయాలని ఒప్పుకున్నాం.

"పూతకు సున్నం నెల నానాలె అన్నా," అన్నాడు మేస్త్రీ.

"నెలెందుకు? పదిహేను రోజులు జేయి."

"నాతోని ఆడు బేరం. సున్నంతోని గూడ ఆడుతవా?"

ఆడాను, గెలిచాను. సరిగ్గా నానని సున్నం మొదటి వానకే పొక్కులు పొక్కి రాలింది.

"ఏం బావా, షట్టర్లకు చెప్పాల్నా?" అని నవ్వాడు బావ.

"వానాకాలం ఇంకా అయిపోలే. జర ఆగు."

పూతంతా గీకించాను. గోడల మీదుగా టార్పాలిన్ కట్టించాను. ఈసారి సున్నం నెల నానేదాకా మేస్త్రీ ముందు నోరెత్తలేదు. ఆఖరి వానలకు గోడ చెక్కుచెదరలేదు. బావ అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు, షట్టర్ల ఊసెత్తలేదు.

ఉన్నదున్నట్టు లెక్క చెబుతాను. ఖర్చు: సున్నం రెండుసార్లు, కూలి రెండుసార్లు, టార్పాలిన్ కిరాయి. బేరంలో మిగిలింది సున్నా. జమలో సత్రం ఒక్కటే.