సుజాతకు చదువు మీద మనసు లేదన్నాను

నేనన్న ఒక మాట ఏళ్లుగా నన్ను వదలడం లేదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను ఎల్లారెడ్డిలో బట్టలు కుడతాను. పెళ్లి చేసుకోలేదు. ముందు గదిలో మిషను, వెనక గదిలో వంట, పడక. నాగిరెడ్డిపేట దగ్గరి పల్లెలో ఉండే మా అక్క, 2009లో బడులు తెరిచే ముందు, తన కూతురు సుజాతను నా దగ్గర దింపి వెళ్లింది. వాళ్ల ఊళ్లో ఐదో తరగతి దాటితే బడి లేదు. బావ దుబాయిలో ఉన్నాడు. ఆ పిల్ల వచ్చాకే నా ఇంట్లో మరో మనిషి గొంతు వినబడింది. పాఠాలు పైకి చదివేది. నేను మిషను తొక్కుతూ, బీడీ మీద బీడీ కాలుస్తూ వినేవాడిని.

వానలకు తలుపు మూస్తే గదంతా పొగే. దసరా నాటికి పిల్లకు దగ్గు పట్టుకుంది. చలి మొదలయ్యేసరికి ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినబడేవి. వారంలో సగం రోజులు బడి మానేది. కామారెడ్డి తీసుకెళ్లాను. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. ఎందుకన్నాను? సిగ్గా? నిజం తెలిస్తే అక్క పిల్లను తీసుకుపోతుందని, మళ్లీ ఆ గదిలో నేనొక్కడినే మిగులుతానని భయమా? డాక్టరు సుజాత వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. బట్టలు కుట్టే ఇల్లు కదా, ఆ దుమ్ము పడటం లేదేమో అని ఆయన మందులు రాశాడు.

తిరుగు బస్సులో సుజాత మెల్లగా అంది.

“మామా, నేను చెప్పలే.”

“ఏంది?”

“నువ్వు బీడీ తాగుతవని. చెప్తే అమ్మ నన్ను ఊరికి తోల్కపోతది. నాకు ఈడనే సదువుకోవాలని ఉంది.”

కొన్నాళ్లు బయట నిలబడి తాగాను. పెళ్లిళ్ల గిరాకీ వచ్చింది. లేచి వెళ్లడం బద్ధకమైంది. మళ్లీ మిషను దగ్గరే వెలిగించాను. తను పుస్తకాలు తీసుకుని కిటికీ పక్కకు జరిగింది, అంతే.

వేసవి సెలవుల ముందు, దగ్గు ఆగక లెక్కల పరీక్ష మధ్యలోనే లేచి వచ్చేసింది. సారు కబురు పెడితే అక్క వచ్చింది. పిల్ల బడికి ఎందుకు సరిగ్గా పోవడం లేదని నన్నే అడిగింది.

“దానికి సదువు మీద మనసు లేదక్కా.”

సుజాత వెనక గదిలో ఉంది. వింది. కాసేపటికి బట్టల సంచితో బయటికి వచ్చింది. నా ముఖం చూడలేదు.

ఆ వానాకాలం తల్లితో నాట్లకు పోయింది. మళ్లీ బడి ఎక్కలేదు. ఊరికొచ్చినాక దగ్గు తగ్గిందని అక్క ఫోనులో సంతోషంగా చెప్పింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? మంచిదేనక్కా అన్నాను.

నిరుడు బీడీ మానేశాను. ఆ గదిలో ఇప్పుడు గాలి బాగానే ఉంటుంది, పీల్చడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఈ ఏడు సుజాతతో చదివిన పిల్లలు పదో తరగతి పాసై, కాలేజీకి డ్రెస్సులు కుట్టించుకోవడానికి నా దగ్గరికే వస్తున్నారు. ఆమె ఎట్లుందని అడుగుతారు. బాగుందంటాను. అక్క మాత్రం, మా పిల్లకు చదువు అబ్బలేదని నలుగురిలో అంటూనే ఉంటుంది. సుజాత కాదనదు. పక్కనే కూర్చుని నేనూ కాదనను.

ఆ పిల్లకు చదువంటే ప్రాణం. ఊపిరాడకుండా చేసింది నేను. తప్పు ఆమె మీదికి నెట్టిందీ నేనే. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. అక్క ముందు ఈ మాట అనగలనో లేదో కూడా తెలియదు. ఇక్కడ మాత్రం అన్నాను.