అంటే ఏంటండి?

మా కాలేజీలో ఫిలాసఫీ చెప్పిన ఆఖరి మాస్టారు ఆయన. ఎవరేమన్నా కళ్ళజోడు తీసి, "అంటే ఏంటండి?" అనేవారు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారి "ఫుల్ బిజీ అండి" అన్నా అదే ప్రశ్న.

"మాటలు మిగిలాయిరా, అర్థాలే పోయాయి. అడగడం మానేస్తే మనమూ డొల్లే" అనేవారు మాతో.

"ఈయనతో బజారుకి రాకూడదు బాబూ" అని వాళ్ళావిడ విసుక్కునేవారు.

మొన్న రాజమండ్రి రేవులో ఆయన పదోరోజు కర్మ. పురోహితుడు మధ్యమధ్య ఫోన్ ఎత్తి, తర్వాతి వాళ్ళకి టైమ్ చెబుతూ మంత్రాలు గబగబా చదివేస్తున్నాడు. మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం.

వెనక కూర్చున్న మాస్టారి భార్య ఒక మంత్రం మధ్యలో కళ్ళజోడు తీశారు.

"అంటే ఏంటండి?"

పురోహితుడు ఆగిపోయి, మావంక చూశాడు. అందరం మాస్టారి శిష్యులమే. ఒక్కరికీ తెలియదు.