రత్నసభాపతి వదిలిన ఖాళీ

సింగానల్లూరు రత్నసభాపతి తాత తీసిన ఫోటోల్లో మనుషులను వెతుక్కోవాలి. మేనల్లుడి పెళ్లికి పళని వెళ్లినప్పుడు ఆయన తీసిన ఫోటోలో సగం ఆకాశం, సగం మెట్లు, ఆ మెట్ల మీద ఎక్కడో రెండు పూలదండలు. ఆ దండల్లో ఉన్నది పెళ్లికొడుకూ పెళ్లికూతురే అని పక్కనుండి ఎవరైనా చెప్పాలి. భార్య పొన్నమ్మాళ్‌కు డెబ్బై నిండిన రోజున తీసినదాంట్లో గోడ ఉంది, ఫ్యాను ఉంది, కేకు ఉంది. ఆవిడను మాత్రం చీర అంచును బట్టి పోల్చుకోవాలి.

"ఏం మామా, నన్ను తీస్తివా, గోడని తీస్తివా?" అని ఆవిడ అడిగితే తాత ఫోను ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఉండావు కదా పొన్నా. చుట్టూ కొంచెం విడిస్తి, అంతే."

విడవడం ఆయనకు నలభై ఒక్క ఏళ్ల అలవాటు. మోటారు పంపులు చేసే ఫౌండ్రీలో ఆయన ప్యాటర్న్‌లు చెక్కేవాడు. ఇనుముతో పోత పోయవలసిన వస్తువును ముందు టేకుతో చేస్తారు, అదే ప్యాటర్న్. దాన్ని ఇసుకలో అదిమి, పైకి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారితే కుంచించుకుంటుంది కాబట్టి చెక్కను నూటికి ఒక వంతు పెద్దదిగా చెయ్యాలి. అందుకోసం వాళ్లకు వేరే స్కేలు ఉంటుంది. దాని మీద సెంటీమీటరు అసలు సెంటీమీటరు కన్నా రవ్వంత పొడుగు. తాత ఇంట్లో పిల్లల ఎత్తు కూడా దాంతోనే కొలిచేవాడు. మనవరాలు కృత్తిక చిన్నప్పుడు బడిలో కొలిస్తే నూట యాభై, ఇంట్లో నూట నలభై ఎనిమిదిన్నర. పోయిన ఆ ఒకటిన్నర కోసం ఆ పిల్ల ఒక వేసవంతా జామకొమ్మకు వేలాడింది.

ఈ ఏడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఫౌండ్రీ పాత షెడ్డును ఖాళీ చెయ్యాలని తేల్చారు. ఇప్పుడు ప్యాటర్న్‌లు చెక్కేది కంప్యూటరు. అటక మీద తాత చేతి చెక్కలు మూడు వందల పైన ఉన్నాయి. సోమవారం లారీ వచ్చి వాటిని ఇటుకల బట్టీకి తీసుకుపోతుందన్న కబురు విని తాత చొక్కా బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా పరుగెత్తాడు. కంపెనీని ఇప్పుడు నడిపేది పాత యజమాని మనవరాలు శ్రీరంజని.

"మీకు కావాల్సింది ఒగటి ఎత్తుకోని పోండి తాతా. చూసేకి నాకు అంతా విరగు మాదిరే ఉండాది" అంది ఆమె. పొయ్యిలో పెట్టే కట్టెలను అక్కడ విరగు అంటారు. ఆ మాట తాతకు గుండెలో దిగబడింది.

"విరగా? చూసే మాదిరి చూస్తే తెలస్తాది అమ్మణీ. శనివారం దాకా విడు, నేను చూపిస్తా."

శ్రీరంజని నవ్వింది. కొత్త ఆఫీసు ముందు హాల్లో గోడ పొడవునా పెట్టడానికి ఆమెకు ఒక ఫోటో కావాలి. దానికోసం గాంధీపురం నుంచి సతీష్‌కుమార్ అనే ఫోటోగ్రాఫరును అప్పటికే పిలిపించింది. "సరి, మీరూ ఒగటి తీసుకోని రాండి. బాగుంటే లారీ సంగతి ఆలోచిస్తాను" అంది.

ఫోటోల చదువు రెండు టర్ములు చదివి మానేసిన కృత్తిక గురువు హోదాలో వెంట నడిచింది. తనకు తెలిసినదంతా షెడ్డు చేరేలోపే చెప్పేసింది. గీత, ఆకారం, ఘనం, గరుకుదనం, రంగు, ఒకే రూపం వరసగా రావడం, ఖాళీ. ఏ ఫోటో అయినా నిలబడేది ఈ ఏడింటి మీదే అంది.

తాత వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఇదంతా మా చెక్కపని షాపులో పనే కదా. ఫోటోవాళ్లు ఎప్పుడు ఎత్తుకోని పోతిరి?"

షెడ్డులో కృత్తిక ముందు తాను ఫ్లాష్ వేసి నాలుగు తీసి చూపించింది. అన్నిట్లోనూ చెక్కలు తెల్లగా, చప్పిడిగా ఉన్నాయి. "శ్రీరంజని అక్క చెప్పింది నిజమే తాతా, విరగే."

"ఆ లైటు ఆపు. నేరుగా కొడితే గుండ్రం కూడా అప్పడమైపోతాది."

పొద్దున ఎనిమిదిన్నరకు పెంకుల సందులోంచి ఎండ ఏటవాలుగా దిగుతుందని తాతకు తెలుసు. నలభై ఏళ్లు ఆ ఎండకే చెక్క వంపులో ఎత్తుపల్లాలు పట్టుకున్నాడు. కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కృత్తిక రెండు బోండాలు తిని, మూడోది నోట్లో పెట్టుకునేసరికి వెలుతురు దిగింది. నత్తగుల్లలా చుట్టుకున్న, ఎర్రరంగు వేసిన పంపు గుల్ల చెక్కను తాత ఆ ఎండకు అడ్డంగా తిప్పి పెట్టాడు. ఒక పక్క వంపు వెలిగింది, ఇంకో పక్క మెల్లగా నీడలోకి జారింది. రంగు రాలిన చోట టేకు నార గీతలు గీతలుగా లేచింది. వెనకాల రెక్కల చక్రాలు ఏడు, ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ పోయాయి. కృత్తిక నోట్లో బోండా అలాగే ఉండిపోయింది.

తీరా ఫోను ఎత్తాక తాత నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యో తాతా, దగ్గిరికి పో! ఫ్రేము నింపు!"

"విడవాల అమ్మణీ. చల్లారితే కుంచించుకుంటాది."

"ఫోటో యాడన్నా చల్లారుతాదా?"

"నువ్వు ఉండు. చల్లారనీ, చూద్దాం."

ఆ పిల్ల కాళ్లు నేలకేసి కొట్టినా వినలేదు. ఎడమ సగమంతా వట్టి చీకటి గోడ పెట్టి తీశాడు.

శనివారం ఆఫీసులో సతీష్‌కుమార్ ఫోటో తెర మీదికి రాగానే కృత్తిక ఇక తమ పని అయిపోయిందనుకుంది. పంపు నిండుగా, తళతళలాడుతూ, అంచు నుంచి అంచుకు ఉంది. బోర్డులు తయారుచేసే మాలిని దాన్ని గోడ కొలతకు సరిపెట్టబోయింది. గోడ పొడుగు, ఎత్తు తక్కువ. సరిపెడితే పంపు నెత్తి తెగింది. కంపెనీ పేరు పెడితే మిగిలిన మూతి కాస్తా మూసుకుపోయింది.

"పేరు పెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు మేడం" అన్నాడు సతీష్‌కుమార్. అదీ నిజమే.

తర్వాత తాత ఫోటో పెట్టారు. "వస్తువు యాడ తాతా? సగం చీకటే కదా!" అంది శ్రీరంజని. కృత్తిక తల వంచుకుంది. తాత మాత్రం మాలిని చేతినే చూస్తున్నాడు. ఆమె ఫోటోను పైనా కిందా కోసింది. గుల్లకు గీత కూడా తగల్లేదు. కంపెనీ పేరును తెల్లటి అక్షరాల్లో ఎడమవైపుకు జరిపితే, చీకట్లో దానికోసమే పీట వేసి ఉంచినట్టు కూర్చుంది.

శ్రీరంజని కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చింది. వెలుగులోంచి నీడలోకి పోయే ఆ వంపు వెంట వేలు పోనిచ్చింది.

"ఇది మన అటక మీద ఉండేదేనా?"

"ఇట్లాంటివి మూడు వందల పన్నెండు ఉండాయి."

"అంతా చేత్తోనే చేసిండారా?"

"మరి కాలితోనా అమ్మణీ?"

ఆమె నవ్వలేదు. ఫోను తీసి లారీ వద్దని చెప్పింది. తర్వాత మాలిని వైపు తిరిగి, ఆ చెక్కలన్నిటికీ కొత్త ఆఫీసు గోడల మీద చోటు కొలవమంది.

"కొలిచేకి నా స్కేలు ఇచ్చేదా?" అని తాత లేచాడు. కృత్తిక ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. కూర్చుంటూ ఆయన ఆమె చెవిలో, "చల్లారింది చూస్తివా?" అన్నాడు.

ఆఫీసు తెరిచిన రోజు పొన్నమ్మాళ్ పట్టుచీర కట్టుకుని వచ్చింది. గోడలనిండా ఎర్రటి చెక్కలు, నడుమ ఆ పెద్ద ఫోటో. ఆవిడ కళ్లు తుడుచుకుని, దాని ముందు నిలబడి కొంగు సర్దుకుంది. "ఈసారైనా నన్ను సరిగా తియ్యి మామా."

తాత ఫోను ఎత్తాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకొకటి వేశాడు. గడప దాటాడు. మెట్లు దిగాడు. గేటు దగ్గర ఆగి తీశాడు.

ఆవిడ ఫోను అందుకుని చాలాసేపు చూసింది. "ఏం మామా, నేను యాడ?"

తాత వేలితో చూపించాడు.