మావ పంచె తెలుపు

అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేశాక, సరిగ్గా అప్పుడే నాకు రీలు కెమెరాతో తీసే నలుపు-తెలుపు ఫొటోల పిచ్చి పట్టింది. చీపురుపల్లిలో స్టూడియో మూసేసిన ఒక ముసలాయన దగ్గర ఆదివారాలు నేర్చుకునేవాణ్ణి. మూడు ఆదివారాలు తిరిగానో లేదో, నాకంతా వచ్చేసిందని ఊరంతా చెప్పుకున్నాను. కుర్రతనం అనుకోవడానికీ లేదు, అప్పటికి ముప్పై దాటాయి.

మా మేనత్తది పొందూరు. మావ రిటైరైన మాస్టారు, ఖద్దరు తప్ప కట్టడు. ఆ పంచెలు అత్తే ఉతకాలి, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. ఎవరి బట్టలు తెల్లగా కనిపించినా ఆ వీధిలో "మాస్టారింటి ఉతుకులాగున్నాది" అనేవారు. అత్తకి లోకంలో ఉన్నది ఆ ఒక్క పేరే.

మావని సున్నం వేసిన గోడ ముందు కూచోబెట్టి ఫొటో తీశాను. వాళ్ల స్నానాలగదికి దుప్పట్లు కట్టి చీకటి చేసి, ప్రింటు కూడా అక్కడే వేశాను. పంచె బూడిదరంగులో వచ్చింది. మావ కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఏటే ఇది? పంచె ఇలా మాసిపోయిందేటి?"

"నిన్ననే ఉతికినాను కదండీ!"

"యంత్రానికి మొహమాటమేటి? ఉన్నదున్నట్టు సెప్తాది."

అత్త మొహం మాడిపోయింది. ఆ పంచెని సోడా వేసి ఉడకబెట్టింది, బండకేసి బాదింది, నీలిమందు పెట్టింది. మళ్లీ తీశాను. మళ్లీ బూడిదే. ఈసారి వీధి వీధంతా ఆ ఫొటో చూడ్డానికి వచ్చింది. కుంకుడురసం అని ఒకావిడ, నిమ్మకాయ అని ఇంకొకావిడ. నుయ్యి మార్చమని ఎదురింటాయన సలహా. పాపం అత్త అందరి మాటా విని తల ఊపింది. నా కెమెరాని మాత్రం ఒక్కరంటే ఒక్కరూ అనుమానించలేదు.

ఆ ప్రింటు చీపురుపల్లి పట్టుకెళితే గురువుగారు పడీ పడీ నవ్వారు. "ఒరే, కెమెరాలో వెలుతురు కొలిసే మీటరుకి లోకమంతా బూడిదరంగేరా! తెల్లగోడ, తెల్లపంచె సూపిస్తే వాటినీ బూడిద సేసేస్తాది. అది సెప్పినదాని కన్నా ఎక్కువ వెలుతురివ్వాల."

తప్పు నాదేనన్నమాట. వెంటనే చెప్పెయ్యాలని పొందూరు బస్సెక్కాను. తీరా వెళ్తే పెరట్లో అత్త కనిపించింది, వేళ్లు సోడాకి పగిలి ఉన్నాయి. వాటిని చూశాక, ఇదంతా నా వల్లేనని చెప్పడానికి సిగ్గేసింది. పైగా, ఛీ, నా నోటితో నేనే "ఇంకొక్కసారి ఉతుకత్తా, ఈసారి వచ్చేస్తాది" అన్నాను.

ఉతికింది. గురువుగారు చెప్పినట్టే తీశాను. పంచె ధగధగలాడుతూ వచ్చింది, అంచులో నేత కూడా కనిపించింది. వీధివాళ్లందరి ముందూ మావ ఫొటో పైకెత్తి చూపించాడు.

"అదీ! ఇప్పటికి నీకు ఉతకడం వచ్చిందే!"

నలభై ఏళ్లుగా ఉతుకుతున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. నేనిక ఉండలేకపోయాను. మీటరు సంగతి, గురువుగారు ముందే చెప్పిన సంగతి, నేను దాచిన సంగతి మొత్తం కక్కేశాను. అత్త నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకు తెల్దేటిరా? మొదటి ఉతుకుకే మల్లెపువ్వులాగున్నాది. నాకు కళ్లు లేవేటి?"

"మరెందుకత్తా ఇన్నిసార్లు ఉతికావు?"

"ఫొటో సూసిన ప్రతిసారీ ఆ పంచె ఈయన ఒంటి మీదే ఉన్నాది కదరా! ఒక్కసారైనా తల దించి సూసుకుంటాడేమోనని ఉతికినాను."

మావ ఫొటో పట్టుకున్న చెయ్యి దించి, మెల్లిగా తన పంచె వంక చూసుకున్నాడు.